అతికించిన పేరు

“అది మోసం కాదా మరి?”

ఆ మాట అన్నావిడకి డెబ్భై ఏళ్లుంటాయి. కోపంగా అనలేదు, నవ్వుతూనే అంది. పెన్సిల్వేనియాలో మేముండే ఊళ్లో, లైబ్రరీ కింది గదిలో నెలకోసారి క్విల్టులు కుట్టే ఆడవాళ్లందరూ కలుస్తారు. ఆరోజు నేను తీసుకెళ్లిన తెల్లగుడ్డ మీద ఒక కోడిపెట్ట ఉంది. ఎర్రటి పాత చీరముక్కతో కత్తిరించి, జిగురుతో అతికించి, చుట్టూ మిషను మీద కాజాకుట్టు వేశాను. ఆవిడ కోడి రెక్క అంచుని చూపుడువేలితో తడిమి చూసింది. అంచు లోపలికి మడవలేదని ఆ వేలికి తెలిసిపోయింది. అప్పుడు అంది ఆ మాట.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం చాలాసేపు నవ్వు రాలేదు.

గుడ్డ మీద గుడ్డముక్క పెట్టి బొమ్మగా కుట్టే పనిని ఇక్కడ అప్లికే అంటారు. మనకి మాసిక తెలుసు. చిరిగినచోట వేస్తే మాసిక, చిరగనిచోట వేస్తే అప్లికే. అంతే తేడా. చేత్తో చేసే పద్ధతిలో, గీసుకున్న గీత బయట పావంగుళానికి కొంచెం తక్కువగా గుడ్డ వదిలి కత్తిరించాలి. ఆ వదిలిన అంచుని సూదిమొనతోనే కొద్దికొద్దిగా లోపలికి తోస్తూ, కుట్టు పైకి కనబడకుండా వేసుకుంటూ పోవాలి. నిండైన ఆకు అయితే సులువే. కోడిజుట్టు లాంటి వంకరలు వచ్చాయంటే ప్రతి లోపలి మూలలోనూ గుడ్డని గీతదాకా గాటు పెట్టాలి, ఆ గాటు దగ్గర పోగు లేవకుండా కుట్టాలి. ఆ గుంపులో నేర్చుకున్న మొదటి ఏడాది ఒక్కో కోడిజుట్టుకి నాకు మూడు సాయంత్రాలు పట్టేది.

సాయంత్రాలకేం తక్కువ లేదు. 2007లో హెచ్-4 వీసా మీద వచ్చాను. అప్పట్లో ఆ వీసా మీదున్న భార్య ఉద్యోగం చెయ్యడానికి వీల్లేదు. (2015 నుంచి కొందరికి అనుమతి దొరికింది.) ఇండియాలో కాలేజీలో పాఠాలు చెప్పినదాన్ని, ఇక్కడ పగలంతా కిటికీలోంచి పక్కింటి చెట్టు చూస్తూ కూచునేదాన్ని. అందుకే ఆ లైబ్రరీ గదికి వెళ్లాను, కుట్టుపని మీద ప్రేమతో కాదు. నెలకి ఒకసారైనా నా పేరు పెట్టి పిలిచేవాళ్లు కావాలని.

పాప పుట్టాక సాయంత్రాలు పోయాయి. అప్పుడే ఫ్యూజిబుల్ వెబ్ నా చేతికొచ్చింది. హీట్-ఎన్-బాండ్, వండర్-అండర్ అని రకరకాల పేర్లతో గుడ్డల దుకాణాల్లో దొరుకుతుంది. నేను జిగురుకాగితం అనేదాన్ని. కాగితానికి ఒకవైపు సాలెగూడు లాంటి సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. వేడి తగిలితే కరుగుతుంది, చల్లారితే గట్టిపడి గుడ్డని పట్టుకుంటుంది. మన దగ్గర లేడీస్ టైలర్లు జాకెట్టు మెడకి ఇస్త్రీ చేసి అతికించే కాన్వాసుకి ఒకవైపే జిగురుంటుంది. ఇది కాగితం ఒలిచాక రెండువైపులా అతుకుతుంది.

పని చూస్తే పిల్లలాటలా ఉంటుంది. బొమ్మని కాగితం వైపు పెన్సిలుతో గీసుకుని, చుట్టూ కాస్త వదిలి కత్తిరించాలి. దాన్ని గుడ్డ తిరగవైపు పెట్టి వేడి ఇస్త్రీపెట్టెతో కొద్ది సెకన్లు అదమాలి. ఇస్త్రీపెట్టె జరపకూడదు, పెట్టి ఎత్తాలి. చల్లారాక గీత మీదుగా కత్తిరించి కాగితం ఒలిస్తే గుడ్డవెనక జిగురు సన్నగా మెరుస్తూ ఉండిపోతుంది. ఇక దాన్ని అనుకున్నచోట పెట్టి మళ్లీ అదమడమే. అంచులో పోగులు జిగురుకి అంటుకుని ఉంటాయి కాబట్టి మడవనక్కర్లేదు. కోడిజుట్టు అయిదు నిమిషాల్లో తయారు.

తప్పులు కూడా అంత త్వరగానూ జరుగుతాయి. నేను మొదట మందపు రకం కొన్నాను. అది అసలు కుట్టు వెయ్యనక్కర్లేని పనులకట. మిషను సూదికి బంక చుట్టుకుని దారం పదేపదే తెగింది. కొత్తగుడ్డని ఉతక్కుండా వాడితే దానికున్న గంజి మూలంగా సరిగా అంటలేదు. ఎక్కువసేపు అదిమితే ఇంకా గట్టిగా పడుతుందనుకున్నాను. జిగురు గుడ్డలోకి ఇంకిపోయి ఉన్న పట్టు కూడా పోయింది. బొమ్మలన్నీ అట్టముక్కల్లా బిగుసుకుంటుంటే, గుంపులో ఒకావిడ ఉపాయం చెప్పింది: జిగురుకాగితం మధ్యభాగం కిటికీలా కత్తిరించి తీసెయ్, గీత వెంబడి పావంగుళం ఉంచు చాలు. అప్పట్నుంచీ కోడి పొట్ట మెత్తగా ఉంది.

ఒకసారి చూసుకోకుండా జిగురువైపు పైకి పెట్టి అదిమేశాను. బంకంతా ఇస్త్రీపెట్టెకి అంటుకుంది. మర్నాడు అది మా ఆయన తెల్లచొక్కా మీదకి దిగింది. ఆఫీసుకి టైమవుతోంది. “నీ బొమ్మలకి వేరే ఇస్త్రీపెట్టె కొనుక్కోరాదూ” అన్నారు. తప్పేమీ లేదు ఆ మాటలో. కొనుక్కున్నాను. కానీ, అన్నాళ్లూ ఆ ఇంట్లో ఉన్న ఇస్త్రీపెట్టె ఎవరి చొక్కాల కోసం ఉందో, దాన్ని పట్టుకున్న చెయ్యి ఎవరిదో ఆరోజే మొదటిసారి ఆలోచించాను.

2012లో రెండో కాన్పుకి అమ్మ వచ్చింది. అమెరికాలో తెలుగువాళ్ల ఇళ్లలో ఆ ఆరునెలల రాకపోకలు అందరికీ తెలిసినవే. పచ్చళ్లు, పథ్యప్పొడులు, పసిపిల్లకి నూనె, ఇంకా అమ్మ రెండు చేతులు. ఈసారి ఆ చేతులు చూసి నాకు గుండె జారింది. వేళ్లు కణుపుల దగ్గర వాచి ఒక పక్కకి ఒరిగిపోయాయి. కీళ్లవాతం అని ఫోనులో చెప్పింది గానీ ఇంతని చెప్పలేదు. సూది పట్టుకోలేదు. బొత్తాం పెట్టుకోవడం కూడా కష్టమే.

మాది బందరుకీ పెడనకీ మధ్య ఊరు. మా ఇంట్లో ఎవరు నీళ్లోసుకున్నా అమ్మ బొంత మొదలుపెట్టేది. పాత నేతచీరలు నాలుగైదు పొరలుగా పరిచి, మధ్యలో నాన్న చిరిగిన పంచెలు వేసి, దబ్బనంతో దూరం దూరంగా టాకాలేసి, తర్వాత సూదితో దగ్గరగా వరసలు కుట్టేది. మధ్యాహ్నం అంట్లు తోమడం అయ్యాక, ఆవు పాలకి వచ్చేలోగా ఉన్న గంటన్నరలో. అలా ఎన్ని కుట్టిందో. అమ్మమ్మ ఇంకెన్ని కుట్టిందో. ఒక్కటీ మిగల్లేదు. పిల్లలు తడిపారు, ఉతికి ఉతికి చీలికలయ్యాయి, మసిగుడ్డలై పొయ్యి దగ్గరికి చేరాయి. వాటి మీద ఎవరి పేరూ లేదు. కుదురులేని పనిని చూసి ‘అతుకుల బొంత’ అని తిట్టే భాష మనది. ఆ బొంత కుట్టిన మనిషికి భాషలో వేరే మాటేదీ దొరకలేదు.

పిల్ల పడుకున్నప్పుడు అమ్మ నా పక్కన కూచుని జిగురుకాగితం పని చూసేది. వారం రోజులు ఊరికే చూసింది. ఎనిమిదో రోజు, “ఇదీ, కత్తెరే కదా ఆడించేది? సూదితో పని లేదుగా?” అంది.

కత్తెర వేళ్లతో కాకుండా అరచేత్తో నొక్కే రకం ఒకటి తెచ్చాను. స్ప్రింగు ఉంటుంది, నొక్కి వదిలితే దానంతటదే తెరుచుకుంటుంది. అమ్మ పెన్సిలు పిడికిట్లో పట్టుకుని గీసింది. ముందు కోడి. తర్వాత మా పెరట్లో ములగచెట్టు, చెరువుగట్టు, గడ్డిమేటు, గేదె. కాలేజీ చదువు చదివి, చిత్రకళ మీద పుస్తకాలు తిరగేసిన నాకు అమ్మ బొమ్మలు వేస్తుందని తెలియదు. సంక్రాంతి ముగ్గులు తప్ప ఆవిడ గీత గీయగా నేను చూళ్లేదు. గేదె కొమ్ములు చూసి, “మన నల్లగేదె లాగే ఉందే అమ్మా” అంటే, “అదే మరి. ఇంకే గేదెనుకున్నావు?” అంది.

అతికించాక గేదె అటు తిరిగి ఉంది. తను ఇటు చూస్తున్నట్టు గీసింది. ఇద్దరం నవ్వుకుని ఊరుకున్నాం. కాగితంవైపు గీసినది గుడ్డ మీద ఎడమ కుడిగా మారుతుందని నాకు తెలుసు. బొమ్మలకైతే పట్టింపు ఏముందిలే అనుకున్నాను.

చివర్లో అమ్మ అడిగింది, “కింద నా పేరు పెట్టుకోవచ్చా?” అని.

అలా అడగాల్సి వచ్చిందే అని ఇప్పటికీ బాధేస్తుంది. రేషనుకార్డులో, బ్యాంకు పుస్తకంలో, మా పెళ్లి శుభలేఖల్లో నాన్న పేరు తర్వాత తప్ప ఆ పేరు ఎక్కడా అచ్చుగా నేను చూడలేదు. అమ్మ అక్షరాలు అరచెయ్యంత పెద్దవిగా కాగితం మీద రాసుకుంది. తెలుగక్షరాలు కత్తిరించడమంటే మాటలా! అన్నీ గుండ్రాలూ, లోపలి వంపులూ. రోజుకి ఒకటో రెండో. చెయ్యి నెప్పెడితే వేణ్నీళ్లలో పెట్టుకుని మళ్లీ కూచునేది. నాలుగు రోజులు పట్టింది. కాగితాలు నేనే ఒలిచాను, నేనే అదిమాను. ఇస్త్రీపెట్టె ఎత్తి చూద్దును కదా, పేరు తిరగబడి ఉంది.

తలకట్లన్నీ అటు తిరిగి కూచున్నాయి. ఒక్క సున్న మాత్రం సరిగ్గా ఉంది.

నా తప్పే. ముందే చెప్పాల్సింది నేను. నాకు ఏడుపొచ్చేసింది. “వేడి చేసి ఒలిచేస్తానమ్మా, కొత్తగా కత్తిరించి పెడతాను, అరగంట పని” అన్నాను. నిజంగానే అరగంట పని. మళ్లీ వేడి పెడితే జిగురు మెత్తబడుతుంది, గుడ్డ ఊడి వస్తుంది.

అమ్మ గుడ్డ మీద చెయ్యి పెట్టేసింది. “నువ్వు కత్తిరిస్తే నీ అరగంట అవుద్ది. ఇది నా నాలుగు రోజులు. ఉండనీ. ఇంటికెళ్లి బీరువా అద్దంలో చూసుకుంటాలే.”

ఆ మాట నా మెదడులో ఇన్నేళ్లుగా తిరుగుతోంది. లైబ్రరీ గదిలో ‘మోసం’ అన్నప్పట్నుంచీ నాలో నేను ఒక వాదన తయారుచేసుకుంటున్నాను. ఆడవాళ్ల చేతిపనికి విలువ కట్టేటప్పుడు అందులో ఏముందని చూడరు, ఎన్ని రోజులు పట్టింది, కళ్లు ఎంత పోయాయి అని చూస్తారు. పచ్చడి రోట్లో నూరితేనే రుచి, మిక్సీలో వేస్తే ఏదో తక్కువ. ఎంత కష్టపడితే అంత ప్రేమ. మగవాడి పనిలోకి కొత్త యంత్రం వస్తే అభివృద్ధి, ఆడదాని పనిలోకి వస్తే బద్ధకం. ఆ కొలతే అసలు మోసం. ఇదీ నా వాదన. ఇప్పటికీ ఇందులో నిజం ఉందనే అనుకుంటున్నాను.

ఈ కొలత ఎంత పాతదో చూద్దామని వెతుక్కుంటూ పోతే మళ్లీ మా ఊరి దగ్గరే తేలాను. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల్లో కోరమాండల్ తీరం నుంచి అద్దకపు గుడ్డలు ఓడలెక్కి యూరపు వెళ్లాయి. అందులో మా బందరు గుడ్డలూ ఉన్నాయి. మన చీటిగుడ్డలే అక్కడ ‘చింట్జ్’ అయ్యాయి. వాటి మోజు తట్టుకోలేక తమ నేతపరిశ్రమని కాపాడుకోవడానికి ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700లోనూ 1721లోనూ నిషేధాలు పెట్టాయి. అంత ఖరీదైన గుడ్డ ముక్క కూడా పారెయ్యలేక ఆడవాళ్లు దాని మీది పూలూ పిట్టలూ కత్తిరించి తెల్లగుడ్డ మీద కుట్టుకున్నారు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో, పంతొమ్మిది మొదట్లో అమెరికాలో కుట్టిన ఆ దుప్పట్లు ఇక్కడి మ్యూజియంల్లో ఉన్నాయి. తర్వాత దానికి ‘బ్రోదరీ పెర్స్’ అని పేరొచ్చింది. పర్షియా కుట్టు అని అర్థం. అద్దింది కోరమాండల్ తీరపు చేతులు, కుట్టింది యూరపు, అమెరికా ఆడవాళ్లు, పేరు మాత్రం పర్షియాది. ఇంకో సంగతి. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు కుట్టుపని పుస్తకాలు ఆ పూలని ముందు పిండిజిగురుతో అతికించి, తర్వాత అంచు కుట్టమనే చెప్పాయి. జిగురు కొత్తగా వచ్చిన పాపమేమీ కాదు.

మిషను మీద కూడా ఇదే గొడవ. కెంటకీ రాష్ట్రం పడూకాలో జరిగే పెద్ద క్విల్టు పోటీలో 1989లో కేరల్ బ్రయర్ ఫాలర్ట్ మిషను మీద క్విల్టింగు చేసిన ‘కొరోనా 2: సోలార్ ఎక్లిప్స్’కి మొదటి బహుమతి వస్తే పెద్ద చర్చ నడిచింది. అంతకు వందేళ్ల ముందే హారియట్ పవర్స్ తన బైబిలు క్విల్టుకి చేతికుట్టుతో పాటు మిషనూ వాడింది. ఆవిడ 1837లో జార్జియాలో బానిసగా పుట్టింది. విముక్తి తర్వాత కుట్టిన ఆ క్విల్టుని మొదట ఎంతడిగినా అమ్మనంది. రోజులు బాగాలేక 1891లో పది డాలర్లు అడిగి, అయిదుకి ఇచ్చుకుంది. ఇచ్చాక కూడా చూసుకోవడానికి కొన్నిసార్లు ఆ ఇంటికి వెళ్లింది. కొన్న టీచరు ఆవిడ చెప్పిన వివరాలు రాసిపెట్టబట్టి ఆ బొమ్మల అర్థం మనకి తెలిసింది. ఆ క్విల్టు ఇప్పుడు స్మిత్‌సోనియన్‌లో ఉంది. దాని ముందు నిలబడేవాళ్లెవరూ కుట్టడానికి ఎన్ని గంటలు పట్టిందని అడగరు. ఆదాము అవ్వల గురించి ఆమె ఏం చెప్పిందో చూస్తారు.

1971లో న్యూయార్కు విట్నీ మ్యూజియం క్విల్టుల్ని నైరూప్య చిత్రాల్లా గోడకి వేలాడదీసింది. రెండేళ్ల తర్వాత పాట్రిషియా మైనార్డి స్త్రీవాద కళాపత్రికలో, ఇవి అనామకుల పనులు కావు, చాలామంది ఆడవాళ్లు తమ పేరూ తేదీ కుట్టుకున్నారు అని గట్టిగా రాసింది. అది చదివినప్పుడు అమ్మ బొంతలే గుర్తొచ్చాయి.

ఇంత పోగుచేసుకున్న నా వాదనకి అమ్మ నాలుగు రోజులు అడ్డం వచ్చాయి. సమయంతో పనేముంది అని నేనంటుంటే, ఆవిడ తన రోజులు లెక్కపెట్టి మరీ చూపించింది. ఇంకోవైపు నుంచి ఆ డెబ్భయ్యేళ్లావిడా అడ్డం వచ్చింది. ఒకసారి కారులో దింపుతున్నప్పుడు అడిగాను, అంచు మడిచి చేత్తోనే ఎందుకు కుడతారని. “నాకు అయిదుగురు పిల్లలు. చేతిలో సూది ఉన్నప్పుడు మాత్రమే మా ఇంట్లో నన్నెవరూ లేపేవాళ్లు కాదు. ఆ పని త్వరగా అయిపోవాలని నేనెప్పుడూ కోరుకోలేదు” అంది. ఆవిడ దాచుకున్న ఏకాంతాన్ని నేను ఇన్నాళ్లూ పెత్తనం అనుకున్నాను. ఆవిడేమో, నా చంకలో పిల్లని చూడకుండా నాది మోసం అంది.

ఎంతసేపు పట్టిందన్నది కాదు విషయం. ఆ సేపు ఎవరిదని. అమ్మ మధ్యాహ్నాలన్నీ బొంతల్లోకి పోయాయి, ఎవరూ లెక్కపెట్టలేదు, తనూ పెట్టలేదు. ఈ నాలుగు రోజులు మాత్రం ఆవిడ తనకోసం ఖర్చుపెట్టుకుంది. అవి లెక్కలో ఉండాలనుకుంది. నేను అరగంటలో సరిచేసి ఇచ్చేదాన్ని. తప్పులేని పేరు వచ్చేది, అమ్మది కాని పేరు.

జిగురు గురించి నిజం కూడా ఒప్పుకోవాలి. అది ఎన్నాళ్లో ఉండదు. ఎయిడ్స్‌తో పోయినవాళ్ల పేర్లతో 1987లో మొదలైన పెద్ద క్విల్టుకి ముక్కలు కుట్టి పంపేవాళ్లకి, జిగురుని నమ్ముకోవద్దు, కుట్టండి అనే చెబుతారు. ఉతుకులకి ముందు అంచు లేస్తుంది, తర్వాత పోగులు ఊడతాయి. జిగురు పట్టి ఉంచుతుందంతే. నిలబెట్టేది కుట్టే. అమ్మ తిరుగు టిక్కెట్టు దగ్గరపడి, అక్షరాల చుట్టూ కుట్టు వెయ్యడానికి నాకు తీరిక చిక్కలేదు. అలాగే పెట్టెలో పెట్టుకుని వెళ్లిపోయింది.

2019లో వెళ్లినప్పుడు చూశాను. అమ్మ మంచం మీద అదే పరిచి ఉంది. ఎదురుగా బీరువా అద్దం. పడుకుని పక్కకి తిరిగితే పేరు సరిగ్గా కనబడుతుంది. తను చెప్పినట్టే చేసుకుంది. కానీ రెండు తలకట్లు ఊడిపోయాయి, సున్న అంచున పోగులు వేలాడుతున్నాయి. ఊడిన తలకట్లు రెండూ చిన్న పసుపుడబ్బాలో దాచిపెట్టింది.

సాయంత్రం పూట గుమ్మంలో కూచుని చేత్తోనే కుట్టాను, అమ్మ పక్కన కుర్చీలో కూచుంటే. జిగురు పేరుకున్నచోట సూది దిగక మొండికేసింది. తలకట్లు ఎటు తిరిగి ఉండేవో అటే పెట్టాను. అక్షరాలన్నీ అయ్యేసరికి అయిదు సాయంత్రాలైంది.

“వెనక రాసి పెట్టు” అంది అమ్మ. ఇక్కడ క్విల్టులకి వెనకవైపు చిన్న గుడ్డముక్క వేసి, కుట్టినవారి పేరూ ఏడూ రాస్తారని నేనెప్పుడో చెప్పినట్టున్నాను. తెల్లముక్క ఒకటి కుట్టి, గుడ్డమీద రాసే పెన్ను తీశాను. అమ్మ పేరు, ఈసారి తిన్నగా. ఊరి పేరు. 2012. తర్వాత నా పేరు, 2019.

“ఎన్ని రోజులో కూడా రాయి” అంది.

రాశాను. ఆమెవి నాలుగు, నావి అయిదు.